అత్త నోట్లో అత్త మాట

మొన్న పొద్దున రాయదుర్గంలో మెట్రో ఎక్కి, చివరి సీటు దొరికిన సంబరంలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒకాయన వచ్చి పక్కన కూర్చుని, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఫోన్‌లో పాత హిందీ సినిమా పెట్టాడు. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూడకూడదని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన పంతులమ్మను నేను. అయినా చూశాను. కోర్టు సీను. హీరో బోనులో నిలబడి న్యాయం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. వెనక బెంచీ మీద తలనిండా కొంగు కప్పుకున్న ఒకామె రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, "హే భగవాన్, యే క్యా హో గయా" అంది. అది మా మేనత్త మొహం. గొంతు మాత్రం ఆమెది కాదు. ఉండబట్టలేక, "బాబూ, ఈమె మా అత్త" అన్నాను. ఆయన ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, "హీరోయినా అండీ?" అని అడిగాడు. కాదు, వెనక బెంచీలో ఆమె అన్నాను. "ఓ" అన్నాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి సౌండు కూడా కొంచెం తగ్గించాడు.

ఆ 'ఓ' వింటూనే నేను పెద్దదాన్నయ్యాను. మా నాన్న చెల్లెలు సుమారు ముప్ఫై ఏళ్లు బొంబాయిలో హిందీ సినిమాల్లో వేషాలు వేసింది. పనిమనిషి, నర్సు, కూరగాయలమ్మి, పెళ్లిలో ఏడ్చే చుట్టం, హీరో తల్లికి మంచినీళ్లు అందించే పొరుగింటామె. ముప్ఫై నాలుగేళ్ల వయసులో ముప్ఫై మూడేళ్లవాడికి తల్లిగా వేసింది. మేకప్పు వాళ్లు జుట్టుకు పూసే తెల్లరంగు వారమైనా వదలడం లేదని, ఇంటి నుంచే బియ్యప్పిండి పొట్లం కట్టుకుని వెళ్లేదట. ఎన్ని సినిమాలు చేశావు అత్తా అంటే, "ఎన్ని చాయ్‌లు తాగినవంటె ఎవరన్న లెక్క చెప్తరా కోడలా" అంటుంది. ఇంట్లో పెళ్లిళ్లకు ఎవరైనా అడిగితే మా నాన్న "మా చెల్లె బొంబాయిల ఉంటది" అని అక్కడికి ఆపి, భోజనాల వైపు నడిచేవాడు. మిగతాది చెప్పడానికి మా నాన్నకు నామోషీ. ఆ నామోషీ మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపమే.

ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఈ చుట్టుపక్కల ఒకప్పటి పల్లెల్లో మాదీ ఒకటి. బండలు, సీతాఫలం పొదలు, జొన్నచేలు. అక్కడ పుట్టిన అత్తను బొంబాయి బట్టల మిల్లులో పనిచేసే ఆయనకిచ్చారు. పెళ్లయిన ఆరేళ్లకు ఆయన జబ్బుచేసి పోయాడు. పిల్లల్లేరు. తిరిగి తీసుకొద్దామని మా నాన్న రైలెక్కి వెళ్తే, "వచ్చి ఏం జెయ్యాలె అన్నా, నీ ఇంట్ల గిన్నెలు తోముడే గద. గదేదో ఈడనే తోముత" అందట. ఆ గిన్నెలు తోమడం కెమెరా ముందని మా నాన్నకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. పక్క గదిలో ఉండే ఒకామె గుంపులో నిలబడే పని ఉందని స్టూడియోకి తీసుకెళ్లింది. గుంపులో నిలబడిన మా అత్త నెమ్మదిగా గుంపు ముందుకొచ్చింది. ముందుకొచ్చినవాళ్లకు ఒకటో రెండో మాటలిస్తారు. అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళ్లే దారి ఆమెలాంటివాళ్లకు ఉండదు.

ఆ పని గురించి తెలియనివాళ్లు తేలిగ్గా మాట్లాడతారు కాబట్టి కొంచెం చెప్పాలి. హీరో మొహాన్ని దగ్గరగా తీస్తున్నప్పుడు, ఆయనకు భావం కుదరడానికి ఎదుటి పాత్రవాళ్లు కెమెరా పక్కన నిలబడి తమ మాటలు చెప్పాలి. మా అత్త అలా కెమెరాకు కనబడకుండా నిలబడి కూడా నిజం కన్నీళ్లు పెట్టుకుని ఏడ్చేది. తర్వాత ఆమె మొహం తీసే వంతు వచ్చేసరికి హీరో వెళ్లి గొడుగు కింద కూర్చునేవాడు. ఆయన బదులు అక్కడ ఒక ఖాళీ కుర్చీ పెట్టి, దాని వెనక నుంచి అసిస్టెంటు ఒకడు కాగితం చూసి ఆవలిస్తూ చదివేవాడు. "కుర్చీని జూసి ఏడ్చిన కోడలా. మనిషిని జూసి ఏడ్చుడు ఎవరికైన వస్తది" అని మా అత్త గొప్పగా చెప్పుకుంటుంది. ఆమెకు అది గొప్పే. నాకు మాత్రం ఆ కుర్చీని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంత చేసినా ఆమె గొంతు ఉంచేవాళ్లు కాదు. ఆ రోజుల్లో సెట్లో అన్న మాటలు సినిమాలోకి వచ్చేవి కావు. కెమెరా మోత, జనం గోల, పక్కన జనరేటరు. అందుకని తర్వాత తీరిగ్గా స్టూడియోలో కూర్చుని, తెర మీద పెదవులు చూస్తూ మళ్లీ చెప్పేవాళ్లు. హీరో వచ్చి తన మాటలు తనే చెప్పుకునేవాడు. మా అత్తను మాత్రం పిలిచేవాళ్లు కాదు. ఆమెది హైదరాబాదు హిందీ. వద్దు అనడానికి 'నక్కో' అని, అవును అనడానికి 'హౌ' అని వచ్చేస్తుంది. ఆ మాట నవ్వించేవాళ్లకే పనికొస్తుందని, ఏడిపించడానికి పనికిరాదని బొంబాయిలో ఎవరో తీర్మానించారు. కన్నీళ్లు మా అత్తవి పెట్టుకుని, గొంతు ఇంకొకామెది అంటించారు. ముప్ఫై ఏళ్లూ అదే వరస.

దీనివల్ల మా ఇంట్లో జరిగిన నష్టం ఒకటుంది. నాకు పదకొండేళ్లప్పుడు, అత్త సినిమా టాకీసుకు వచ్చిందని తెలిసి మా నాయనమ్మను బండి కట్టించి తీసుకెళ్లాం. గంటన్నర ఎదురుచూశాక అత్త తెర మీదికి వచ్చింది. పిల్లలమంతా కేకలు పెట్టాం. అత్త నోరు తెరిచింది, ఎవరిదో సన్నటి గొంతు వచ్చింది. నాయనమ్మ కాసేపు చూసి, "గిది నా బిడ్డ గాదు. మొఖం గట్లనే ఉన్నది గని, నా బిడ్డ గొంతు నాకు తెల్వదా?" అని లేచి చీకట్లో చెప్పులు వెతుక్కుంది. మేమెంత చెప్పినా వినలేదు. ఆ తర్వాత ఏ సినిమాకీ రాలేదు. నా కూతురు బొంబాయిలో ఏం చేస్తుందో నాకు తెలియదనే చివరిదాకా అందరితో అంది. నాయనమ్మ దినాలకు వచ్చినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారన్న నా నోట్లె నా మాట ఇనకపాయె అమ్మ" అంది. ఆమె దేనికైనా బాధపడగా నేను చూసింది అప్పుడొక్కసారే.

ఇక నా సంగతి. బడి ఉద్యోగం ముగిశాక మణికొండ ఫ్లాట్‌లో ఖాళీగా కూర్చోలేక, హైటెక్ సిటీలో ఒక డబ్బింగ్ స్టూడియోకి మాటలు రాసే పనిలో చేరాను. పాత హిందీ సినిమాలను ఫోన్లలో చూసేవాళ్ల కోసం తెలుగు చేయిస్తున్నారు. ఆ పనిలో భావం ఒక్కటి కుదిరితే సరిపోదు, పెదవులు కుదరాలి. ప, బ, మ అనేటప్పుడు పెదవులు కలుస్తాయి. తెర మీద మనిషి నోరు మూసినచోట మనం 'క' అనిపిస్తే చూసేవాడికి వెంటనే తేడా కొడుతుంది. అందుకని సౌండు తీసేసి ఒక్కొక్క నోరూ చూస్తూ, ఎక్కడెక్కడ పెదవులు కలిశాయో కాగితం మీద చుక్కలు పెట్టుకుంటాను. భాష మీద ప్రేమతో తెలుగు ఎమ్మే చదివి, చివరికి ఇతరుల పెదవులు చూస్తూ బతుకుతున్నానని మా ఆయన వేళాకోళం చేస్తాడు.

పోయిన వేసవిలో ఆ స్టూడియోకి వచ్చిన సినిమాల్లో నలభై ఏళ్లు పైబడినది ఒకటి ఉంది. బంగళా, అందులో హీరో, తోటలో మాలి. హీరో చెల్లెలి గొలుసు పోతుంది. మాలి తీశాడని హీరో చెయ్యి చేసుకుంటాడు. మాలి తల్లి వచ్చి హీరో కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, "హుజూర్, నాదాన్ హై యే, దయా కీజియే" అంటుంది. హీరో కరిగిపోయి లేవదీస్తాడు. గొలుసు తర్వాత ఆ చెల్లెలి పెట్టెలోనే దొరుకుతుంది. మాలికి ఎవరూ క్షమాపణ చెప్పరు. పాత్రల జాబితాలో ఆ తల్లి పేరు 'ముసలామె' అని ఉంది. తెర మీద చూస్తే ఆ ముసలామె ముప్ఫై నాలుగేళ్ల మా అత్త.

దొరా, తెలియనివాడు, దయ చూడండి అని రాశాను. హిందీకి అచ్చంగా సరిపోయింది. నోటికి సరిపోలేదు. హిందీ మాటల్లో పెదవులు కలిసే అక్షరం ఒక్కటి లేదు. తెర మీద మా అత్త పెదవులు మాత్రం నాలుగుసార్లు గట్టిగా కలుస్తున్నాయి. గడువు తరుముకొస్తే అలాగే ఇచ్చేశాను, సినిమా చేయిస్తున్న క్లయింట్ ఓకే కూడా అన్నారు, కానీ మనసు ఒప్పక ముప్ఫైసార్లు తిప్పి చూశాను. హిందీ డబ్బింగు చేసినామె ఎలాగో సర్దేసి వెళ్లిపోయిందని అర్థమైంది. కానీ అత్త అన్నదేమిటి? ఆ మధ్యాహ్నమే ల్యాప్‌టాప్ పట్టుకుని చందానగర్ వెళ్లాను. వేషాలు మానేసి బొంబాయి నుంచి వచ్చేశాక అక్కడ బజారు వెనక సందులో రెండో అంతస్తులో ఆమె ఇల్లు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. బాల్కనీలో మెంతికూర కుండీలకు నీళ్లు పోస్తోంది. సౌండు లేకుండా ఆ ముక్క చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూసింది. ఇంకోసారి పెట్టమంది. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వింది.

"పొద్దుగాల ఏడింటికి నన్ను కంకర మీద మోకాళ్లేయించిండ్రు. హీరో వచ్చుడు ఒంటిగంటకు. పన్నెండుసార్లు తీసిండ్రు కోడలా. నాది తప్పు గాదు, ఆయనకు నవ్వొస్తుండె. మోకాళ్లు నెత్తురైనయ్. పన్నెండోసారి కండ్లళ్ల నీళ్లొచ్చినయ్, కోపంతోని. ఎట్లయిన నా గొంతు ఉంచరు గద, నా ఇష్టమొచ్చింది అంటె ఎవరికేం నష్టం అనుకున్న." ఆ ఏడుపు మొహంతోనే, చేతులు జోడించే, ఆమె తెలుగులో అన్నది ఇది: "తప్పు నీది. మొక్కను గాక మొక్కను. పో." డైరెక్టరు ఆహా ఏం భావమని మెచ్చుకుని ఓకే చేశాడట. హీరో ఒక్కడే ఏమన్నావని అడిగితే, మా భాషలో దువా ఇచ్చాను సాబ్, దీవించాను అందట. పైన లైటు పట్టుకున్న మనిషి పాలమూరాయన. ఆయన మొహం అటు తిప్పుకుని నవ్వాడట.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. తప్పులో ఒకటి, మొక్కను రెండుసార్లు, పో ఒకటి. నాలుగు చుక్కలూ సరిగ్గా కూర్చున్నాయి. నలభై ఏళ్లుగా లోకమంతా దయ అడుగుతోందనుకున్న మనిషి అడగనే లేదు. నాకు కన్నీళ్లొచ్చాయి, ఆమెకు రాలేదు. నీళ్ల చెంబు పక్కన పెట్టి, "ఆ ముక్క తెలుగుల నేనే చెప్త. నా నోట్లె నా మాట. రేపు ఎన్నింటికి రావాలె?" అంది.

రేపు అంత సులువు కాదని ఆమెకు తెలియదని కాదు. మర్నాడు పదకొండింటికి ఇస్త్రీ చీర కట్టుకుని స్టూడియోకి వచ్చింది. అక్కడి మేనేజరు గోదావరి జిల్లాల వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "నమస్కారమండీ. మీలాంటి పెద్దవాళ్లు రావడం మా అదృష్టమండీ. కానీ స్క్రిప్టు క్లయింట్ ఓకే చేసేశారండీ. ఆ పాత్రకి వేరే ఆవిడ చెప్పేశారు కూడానండీ" అన్నాడు. పైగా ఈ మాట తెలంగాణ మాట అయిపోతుంది, మిగతా సినిమా అంతా ఒకలా ఉంటే ఇదొక్కటీ వేరుగా వినబడుతుందండీ అని నసిగాడు. బొంబాయిలో అన్నదే హైటెక్ సిటీలోనూ అన్నాడు, అండీలు కలిపి. మా అత్త సోఫాలో ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. "మాలి తల్లి ఎట్ల మాట్లాడుతది బిడ్డా, కలెక్టరు లెక్కనా? ఒక్కసారి ఇనుండ్రి. కుదరకపోతె తీసెయ్యిండ్రి. ఇనకుండ మాత్రం నేను పోను" అంది. ఆయన ఫోన్ చూసుకున్నాడు, గోడ గడియారం చూశాడు, చివరికి పది నిమిషాలండీ అన్నాడు.

రికార్డింగ్ గదిలో సౌండు చూసే అమ్మాయి కుర్చీ వేసింది. అత్త దాన్ని కాలితో పక్కకు జరిపింది. కూర్చుని చెప్పొచ్చు అత్తా అని నేనంటే, "అప్పుడు మోకాళ్ల మీద చెప్పిన. ఇప్పుడు నిలబడి చెప్త" అంది. మైకు ఎత్తు పెంచాల్సి వచ్చింది. తెర మీద ముప్ఫై నాలుగేళ్ల ఆమె, ఎదురుగా డెబ్భై ఎనిమిదేళ్ల ఆమె. మొదటిసారి ఆలస్యమైంది. రెండోసారి 'గాక' దగ్గర ఊపిరి అందలేదు. అమ్మాయి మంచిమనసుతో, కంప్యూటర్లో సాగదీసి సరిచేస్తానంది. "వద్దు తల్లీ. నా నోటికి నేనే సరిపోత" అంది అత్త. మంచినీళ్లు తాగి మళ్లీ నిలబడింది. ఏడోసారి నాలుగు చోట్లా పెదవులు కలిశాయి. వయసు మీదపడి గరగరలాడే గొంతు ఆ లేత మొహంలో ఎలా ఇమిడిందో నేను చెప్పలేను, ఇమిడింది. మా నాయనమ్మ వినుంటే చెప్పులు వెతుక్కునేది కాదు. మేనేజరు హెడ్‌ఫోన్లు తీసి, లిప్పు మాత్రం అద్భుతంగా కుదిరిందండీ, కానీ క్లయింట్‌కి ఎవరు చెప్తారండీ అన్నాడు.

నేను చెప్తానన్నాను. అది పెద్ద వీరత్వమేమీ కాదు, కానీ ఓకే అయిన స్క్రిప్టు మార్చి వెనక్కి వస్తే రచయితకు ఆ తర్వాత పని పిలుపు రాదని మా అందరికీ తెలుసు. ఆ పని నాకు ఇష్టం. అయినా నా మాట కొట్టేసి ఆమె మాట రాశాను. కారణం రాయాల్సిన గడిలో, తెరపై పెదవుల కదలికకు ఇదే సరైనది అని రాసి సంతకం పెట్టాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ముప్ఫై ఏళ్లు ఆమె మాటను కొట్టేసి ఇంకొకరి మాట పెట్టినవాళ్లలో ఒక్కరూ కారణం రాయలేదు కదా, నేను రాస్తున్నాను అనుకున్నాను. పెన్ను కొంచెం గట్టిగానే నొక్కినట్టున్నాను, కింది కాగితం మీద కూడా అచ్చు పడింది.

మూడు వారాలకు క్లయింట్ అభ్యంతరాలు వచ్చాయి. వరస వరసా వేలు పెట్టి చదివాను. అన్నీ హీరో మాటల మీదే. ఆయన నవ్వు తర్వాత విరామం చాల్లేదట, ఆయన 'నమ్మకం' అన్నప్పుడు బరువు తగ్గిందట. రెండు పేజీలు. ముసలామె మీద ఒక్క ముక్క లేదు. తప్పని గానీ ఒప్పని గానీ లేదు, అసలు ఆ సీనులో ఆమె ఏమందో ఎవరూ విననే లేదు. ఇన్నేళ్లూ ఆమెను పట్టించుకోనివాళ్లే, ఇప్పుడూ పట్టించుకోక వదిలేశారు. అలా ఆ మాట దర్జాగా బయటికి వెళ్లిపోయింది. ఫోన్ చేసి చెప్తే అత్త, "మంచిగైంది. ఎవరూ సూడనప్పుడే మన పని మనం జేసుకోవాలె" అంది.

సినిమా విడుదలైన ఆదివారం మధ్యాహ్నం చందానగర్‌లో ఆమె టీవీలో ఇద్దరం చూశాం. చుట్టుపక్కలవాళ్లను పిలుద్దామా అంటే వద్దంది. గంటా ఇరవై నిమిషాలకు తోట సీను వచ్చింది. కంకర, మోకాళ్లు, జోడించిన చేతులు, కారుతున్న కన్నీళ్లు. "తప్పు నీది. మొక్కను గాక మొక్కను. పో" అంది తెర మీద మా అత్త, మా అత్త గొంతుతో. హీరో ఆమెను రెండు భుజాలూ పట్టుకుని లేవదీసి, దయ ఉట్టిపడే మొహంతో, "లే అమ్మా, క్షమించేశాను" అన్నాడు. ఆ తెలుగు నేను రాసిందే. మార్చే వీలున్నా కావాలని మార్చలేదు. అత్త చేతిలోని మురుకు పళ్లెంలో పెట్టి, టీవీ వైపు కొంచెం ముందుకు వంగి, చాలా మామూలుగా అడిగింది.

"ఎవరడిగిండ్రు నిన్ను?"

ఇంత కాలానికి ఆ మాట వినిపిస్తే ఏమొచ్చిందని ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. హీరో లేడు, డైరెక్టరు లేడు, నాయనమ్మ లేదు, ఇంత ఆలస్యంగా ఎందుకని. వాళ్లకు నేను ఒకటే చెప్తాను. మా అత్త ఏమీ ఆలస్యం చేయలేదు. అనాల్సింది అనాల్సిన రోజునే, అనాల్సినవాడి మొహం మీదే అనేసింది. గడిచిపోయిన ఈ నలభై ఏళ్లూ వినాల్సినవాళ్లు చేసిన ఆలస్యం.